అప్రదక్షిణపు బొంత

ఆ రోజుల్లో మా బంటుమిల్లి వైపు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, ఏం చదివావమ్మా, వంట వచ్చా అమ్మా అని అడిగేశాక ఇంకేం అడగాలో తోచక, "కుట్లూ అల్లికలూ ఏమైనా వచ్చా?" అనేవారు. ఆ ప్రశ్నకు నిజం చెప్పిన తండ్రి మా చుట్టుపక్కల ఒక్కడైనా ఉన్నట్టు నాకు తెలియదు. మా వీధిలో ఒక పూసల కుక్కపిల్ల ఉండేది. తెల్లపూసల ఒళ్ళు, ఎర్రపూసల నాలుక. దాన్ని అసలు అల్లిందెవరో ఎవరికీ గుర్తులేదు కానీ, నేనెరిగి నలుగురు ఆడపిల్లల పెళ్ళిచూపుల్లో అది బల్ల మీద కూర్చుని "మా అమ్మాయే అల్లిందండీ" అనిపించుకుంది. నలుగురికీ పెళ్ళిళ్ళయ్యాయి. కుక్కపిల్ల మాత్రం ఏ అత్తారింటికీ వెళ్ళకుండా మళ్ళీ పక్కింటి అద్దాల బీరువాలోకి వచ్చేసేది. చెప్పినవాళ్ళకీ సంగతి తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. అందుకని దాన్ని ఎవరూ అబద్ధమనేవారు కాదు, మర్యాద అనుకుని సరిపెట్టుకునేవారు.

నా వంతు వచ్చేసరికి ఆ కుక్కపిల్ల ఊళ్ళో లేదు (కౌతవరంలో ఎవరిదో పెళ్ళిచూపులుంటే అరువు వెళ్ళింది). నేనా, గుడివాడ కాలేజీలో బీకాం చదివి, రోజూ బస్సులో నిలబడి వెళ్ళి నిలబడి రావటం తప్ప వేరే విద్య ఎరగనిదాన్ని. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునే రకం. బందరు నుంచి అబ్బాయీ, వాళ్ళమ్మగారూ వచ్చారు. అబ్బాయి చూడటానికి ఫరవాలేదు (ఇప్పుడు ఈ మాట ఈయన చదివితే 'ఫరవాలేదా?' అంటారు, అనుకోనివ్వండి). వాళ్ళమ్మగారిని హాల్లో నవ్వారు మంచం మీద కూర్చోబెట్టారు. ఆ మంచానికి మధ్యలో నవ్వారు తెగి వేలాడుతోందని మా అమ్మ పొద్దున్నే దాని మీద నాయనమ్మ కుట్టిన బొంత పరిచింది. అంటే బొంత అక్కడికి వచ్చింది అందం కోసం కాదు, పరువు కోసం. కానీ ఆవిడ కూర్చుంటూనే కాఫీ సంగతి మర్చిపోయి ఆ బొంతని తడమటం మొదలుపెట్టారు. అది తడమాల్సిన బొంతే. అరచెయ్యంత ముక్కలు, ఏ రెండూ ఒక్కలాంటివి కావు, వాటి మీద చుట్టూ చుట్టూ తిరుగుతూ అంచు నుంచి నడిమి దాకా వెళ్ళిన సన్నటి టాకాలు. ఒక్క కుట్టు పక్కదాని కంటే పొడవు లేదు, పొట్టి లేదు.

"ఎవరు కుట్టారండీ అన్నయ్యగారూ?" అన్నారావిడ.

"మా అమ్మాయేనండీ!" అన్నారు నాన్న.

ఏడాదిన్నర కూర్చుని దాన్ని కుట్టిన మా నాయనమ్మ గుమ్మం పక్కన పీట మీద తమలపాకుకి సున్నం రాస్తూ ఉంది. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే సున్నం రాసుకుంది.

"నువ్వేనా అమ్మా?" అన్నారు అబ్బాయి వాళ్ళమ్మగారు నా వైపు తిరిగి. నేను తల వంచుకుని "ఊఁ" అన్నాను. ఆ ఒక్క అక్షరం మింగేసి ఉంటే ఈ కథే లేదు. ఆవిడ ఇంకా వదల్లేదు. "ఈ నీలిచారల గుడ్డ భలే గట్టిగా ఉందండీ, ఎక్కడ కొన్నారు?" అన్నారు. అది నాన్న పాత డ్రాయరు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గుడివాడలోనండీ" అన్నారు. ఆ పూట ఆయన ఆడిన నిజం అదొక్కటే.

వెళ్తూ వెళ్తూ ఆవిడ నా గడ్డం పట్టుకుని, "మాకు పిల్ల నచ్చింది. కాపరానికి వచ్చేటప్పుడు నాకూ ఇట్టాంటిదొకటి కుట్టి పట్రా అమ్మా. ఇంకేం తేవద్దు" అన్నారు. అది ఫాల్గుణం. పెళ్ళి శ్రావణంలో అనుకున్నారు. మిగతావన్నీ అడిగినా నాన్న ఎలాగో సర్దుకునేవారు, ఈ ఒక్క కోరికకి మాత్రం ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు అబ్బాయి నచ్చాడు, ఆవిడ ఇంకా ఎక్కువ నచ్చారు. నచ్చిన మనిషి ఇంట్లో మొదటి రోజే అబద్ధాలకోరుగా నిలబడాలంటే నాకు అన్నం దిగలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో సభ జరిగింది. "ఉన్న బొంతే ఇచ్చేస్తే పోలా?" అంది అమ్మ. "ఆవిడ చూసిన బొంతని మళ్ళీ ఆవిడకే చూపిస్తావా? ఇంకోటి కుట్టమంది కదా" అన్నారు నాన్న. ఇద్దరూ నాయనమ్మ వంక చూశారు. "అమ్మా, నువ్వే ఇంకోటి..." అని నాన్న నసిగారు.

"నేను కుట్టను" అంది నాయనమ్మ. "నువ్వొక అబద్ధం ఆడావు. నేను కుట్టి ఇస్తే అది రెండోది అవుద్ది. ఆ పిల్ల 'ఊఁ' అంది కదా, ఆ ఊఁ అన్నదే కుట్టుద్ది. నేర్పుతా. ఒక్క టాకా కూడా నేను వెయ్యను." ఆవిడ మాట అంటే అంతే. మా తాతయ్యే ఆ మాటకి ఎదురు చెప్పి ఎరగరు.

మర్నాడు ఆవిడ రేకు పెట్టె తెరిచింది. ఆ పెట్టెలో ఏముందో అంతవరకూ మాకెవరికీ తెలియదు, కలరా ఉండల వాసన తప్ప. జాకెట్టు ముక్కలు బొత్తులు బొత్తులు. పేరంటాల్లో పసుపు కుంకుమతో పెట్టినవి. మిగతా ఇళ్ళల్లో అవి ఒకరు పెట్టినవి ఇంకొకరికి పెడుతూ ఊరంతా తిరిగి చివరికి మొదట పెట్టిన ఇంటికే చేరేవి కానీ, నాయనమ్మ తనకి వచ్చినవి ఎవరికీ పెట్టేది కాదు. "ప్రేమగా పెట్టారే, తిప్పి పంపితే ఏం బాగుంటది?" అనేది. వాటితో పాటు బస్టాండు దగ్గర కుట్టుబాబాయి (మా ఊరి దర్జీని అందరూ అలాగే పిలిచేవారు) ఏడాదికోసారి ఆవిడ ఆవకాయకి బదులుగా గోతాంలో పంపే కత్తిరింపు ముక్కలు. అడుగున మెత్తటి పాత పంచెలు, లోపల పొరల కోసం. ఆవిడ ఒక్కో ముక్కా తీసి ఒళ్ళో పరుచుకుంటుంటే చూడాలి. "ఇది మీ నాన్న ఏడో తరగతి చొక్కా. ఇది నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మమ్మ పెట్టింది. ఇది అవనిగడ్డలో తుఫానుకి ఇల్లు పోయి, ఉన్న ఒక్క పెట్టెతో మనింట్లో నాలుగు నెలలున్నారే, ఆవిడ వెళ్ళేటప్పుడు పెట్టింది. వద్దన్నా వినలా." ఊళ్ళో ఎవరికి ఎవరు ఏమవుతారో పంచాయితీ ఆఫీసులో దొరకదేమో కానీ ఆ పెట్టెలో దొరికేది. నేను అన్నాళ్ళూ అదేదో ముసలావిడ చాదస్తం అనుకున్నాను. ఆ రోజు నిజంగా సిగ్గుపడ్డాను.

ఇక నేర్పటం. నాయనమ్మది ఎడంచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తినేది. "తినేటప్పుడు మా అమ్మ ఎదురుగా కూర్చునేది, చేతి మీద ఒక్కటిచ్చేది. కుట్టేటప్పుడు ఎవరు చూడొచ్చారు?" అని నవ్వేది. ఆవిడ పక్కన కూర్చుని చూస్తే నాకు అంతా తలకిందులుగా కనిపించేది. ఆవిడ సూది అటు నడిస్తే నాది ఇటు నడవాలి. రెండు రోజులు నా తంటా చూసి, "ఎదురుగా కూర్చో. అద్దంలో చూసి బొట్టు పెట్టుకోవా? అట్టా అనుకో" అంది. అలా వసారాలో మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం, ఆవిడ ఉత్త గుడ్డపేలిక మీద, నేను అసలు బొంత మీద. నా మొదటి వరసలు చూస్తే కోడి తడికాళ్ళతో నడిచినట్టున్నాయి. ఆవిడ కోప్పడేది కాదు. వేలితో ఆ వరస మీద రాసి, "విప్పు" అనేది. అంతే. నాలుగు రోజులు కుట్టింది నాలుగు నిమిషాల్లో విప్పేదాన్ని. ఆ మొదటి నెలలో నేను కుట్టిందానికంటే విప్పింది ఎక్కువ.

ఒకరోజు ఓపిక చచ్చిపోయి, ఆవిడ కునుకు తీసే వేళ చూసి బొంతని చంకన పెట్టుకుని కుట్టుబాబాయి దగ్గరికి పరిగెత్తాను. "బాబాయ్, నాలుగు వరసలు మిషను మీద కొట్టి పెట్టు" అన్నాను. ఆయన పాపం కొట్టాడు, ఆ మందానికి రెండు సూదులు విరిగాయి. సాయంత్రం నాయనమ్మ బొంతని చేతిలోకి తీసుకుంది. చూపు మందగించిన మనిషి కదా, కనిపెట్టదనుకున్నాను. వేలు పెట్టగానే, "బాబాయికి కాస్త మజ్జిగన్నా ఇచ్చావా?" అంది. తర్వాత "విప్పు" అంది. ఇంకో రోజు ఒళ్ళు మర్చిపోయి వరసగా రెండు గంటలు కుట్టి, మొట్టమొదటిసారిగా నా కుట్లు నాకే ముచ్చటేసి, నాన్నకి చూపిద్దామని ఠీవిగా లేచి నిలబడ్డాను. నాతో పాటు బొంత కూడా లేచి నిలబడింది. చున్నీని ఈ కొస నుంచి ఆ కొస దాకా కలిపి కుట్టేశాను! నాన్న పడక్కుర్చీలోంచి చూసి, "కాపరానికి ఇట్టానే వెళ్తావా ఏంటే?" అన్నారు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. ఆ వరసని అటూ ఇటూ తడిమి, "చున్నీ కత్తిరించు. కుట్టు విప్పమాక. బాగుంది" అంది. మూడు నెలల్లో ఆవిడ నోటి నుంచి నేను విన్న మొదటి మెప్పు అది. మంచి చున్నీ పోయినందుకు నాకు బాధ కూడా కలగలేదు.

ఆషాఢం వెళ్ళేసరికి బొంత నడిమికి చేరింది. చివరి ముడి వేసిన రోజున నాయనమ్మ దాన్ని ఎండలో పరిచి చుట్టూ ఒకసారి నడిచింది. మొదటి పది వరసలూ వంకర టింకరగా, పోనుపోనూ దారిలో పడుతూ, నడిమికి వచ్చేసరికి ఆవిడ కుట్లకి చెల్లెలి వరస అవుతాయనిపించేలా ఉన్నాయి. "ఈ అంచు మళ్ళీ కుడతానే" అన్నాను. "వద్దులే, ఉండనీ. ఎట్టా నేర్చుకున్నావో అందులో ఉంది" అంది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. వాళ్ళు చూసిన బొంతలో ఒక్క కుట్టు వంకర లేదు కదా. ఆ బొంత కుట్టిన చెయ్యే దీన్ని కూడా కుట్టిందంటే ఎవరు నమ్ముతారు?

పెళ్ళయింది. బందరు వెళ్ళాం. దారి పొడుగునా, ఈయన ఏదో చెబుతుంటే ఊఁ కొడుతూనే, లోపల వల్లె వేసుకున్నాను: 'అత్తయ్యగారూ, ఒక మాట చెప్పాలండీ, ఆ రోజు...' అని. మర్నాడు పొద్దున అత్తయ్యగారు బొంత తెమ్మన్నారు. నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, అంచు పట్టుకుని వేలితో వరస వెంట వెళ్ళారు.

"ఇది నువ్వు కుట్టిందే" అన్నారు. హమ్మయ్య అనుకునేలోపే, "అది నువ్వు కుట్టింది కాదు" అన్నారు.

ఆవిడే చెప్పారు. "నీది గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణంగా తిరిగింది చూడు. కుడిచేతి వాళ్ళకి అట్టానే వస్తది. మీ ఇంట్లో చూసింది అప్రదక్షిణంగా తిరిగింది. మా అమ్మ కుట్టేది, నేను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించేదాన్ని, నాకు తెలీదా? నువ్వు కాఫీ కుడిచేత్తో ఇచ్చావు. మీ నాయనమ్మగారు సున్నం ఎడంచేత్తో రాస్తున్నారు. ఇంక ఎవర్నీ అడగక్కర్లా."

"ఆ రోజే తెలుసా అండీ?"

"ఆ రోజే."

"మరి తెలిసీ ఎందుకు అడిగారండీ?" నాకు ఏడుపొచ్చేసింది.

ఆవిడ అటక వైపు చూపించారు. గుడ్డ కప్పిన హార్మోనియం పెట్టె ఒకటుంది. "మా పెళ్ళిచూపుల్లో మావాళ్ళు నాకు హార్మోనియం వచ్చని చెప్పారు. నేనూ నీలాగే ఊఁ అన్నా. మీ మావయ్యగారు నమ్మి, ముచ్చటపడి కొనుక్కొచ్చారు. ఒక్క పాట వాయించవే అని ఆయన అడగటం, రేపు వాయిస్తానని నేననటం. అట్టా ఇరవై ఆరేళ్ళు. రాదని చెప్పలేకపోయా, నేర్చుకోనూ లేకపోయా. ఆయన పోయారు." బొంత అంచు సవరిస్తూ, "అబద్ధాన్ని వెంటపెట్టుకుని కాపరానికొస్తే అదే ఇంటికి పెద్దకోడలై కూర్చుంటదమ్మా. నీకా తిప్పలు వద్దనిపించింది" అన్నారు. తర్వాత నేను మొట్టమొదట కుట్టిన ఆ మరీ వంకర అంచునే మెడ దాకా కప్పుకుని, బందరు ఉక్కపోతలో, పట్టపగలు, చెమటలు కారుతున్నా అలాగే పడుకున్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ తలవైపు ఆ అంచే ఉండాలి.

ఇప్పుడు నాయనమ్మా, అత్తయ్యగారూ ఇద్దరూ లేరు. నాయనమ్మ బొంత నా దగ్గరికే వచ్చింది. మొన్న మా అమ్మాయి ముచ్చటపడి (చెప్పకుండా) దాన్ని వాషింగ్ మిషన్లో వేసేసింది. ఒక మూల పొరలు పొరలుగా విడిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని, సూది తీసుకుని, నాకిదేం లెక్కలే అని కూర్చున్నాను. నాలుగు కుట్లు వేశాక తెలిసింది, నా చెయ్యి ప్రదక్షిణంగా వెళ్తోంది, ఆవిడ కుట్లకి ఎదురు నడుస్తోంది. మనసొప్పలేదు. సూది ఎడంచేతిలోకి మార్చుకున్నాను. ఏభైకి దగ్గరపడి, నలుగురికి బొంతలు కుట్టి ఇచ్చి, ఇద్దరికి నేర్పి కూడా ఉన్న మనిషినే, అయినా ఆ మూల కుట్టటానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. చూసుకుంటే మళ్ళీ ఆ తడికాళ్ళ కోడే నడిచింది. ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. నాయనమ్మ ఉంటే వేలితో రాసి "విప్పు" అనేది. అనే మనిషి లేదు కాబట్టి ఆ కుట్లు అలాగే ఉండిపోయాయి.