గీత దాటిన ఎద్దుకు మొదటి ర్యాంకు

ఆ రోజుల్లో నన్నెవరైనా ఎంతవరకు చదివావని అడిగితే "గోడ వరకు" అని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. మా బడి వెనక ఒక గోడ ఉండేది. తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరగ్గానే నేను ఆ గోడ వైపు తిరిగాను, అంతటితో నా చదువు పూర్తయింది. గోడలు పట్టాలివ్వవు గాని, ఇచ్చి ఉంటే నాకు మొదటి తరగతి వచ్చేది, ఎందుకంటే వెంటబడిన డ్రిల్లు మాస్టారుకి నా చెప్పు మాత్రమే చిక్కింది. తర్వాత నేను చేసిన ఉద్యోగాలూ ఇదే పద్ధతిలో ముగిశాయి. తిరుప్పూరులో బనియన్ల అంచుల్లో మిగిలిన దారాలు కత్తిరించే పని దొరికితే, ఒకరోజు భోజనానికి వెళ్ళి మళ్ళీ వెళ్ళలేదు. సూలూరు దగ్గర మరమగ్గాల షెడ్డులో చేరి, టీకి వెళ్ళి మళ్ళీ వెళ్ళలేదు. (ఆ టీ అంత బాగుంటుందని అనుకోకండి.) "నీవు పనికి పోతా ఉండావా, టీకి పోతా ఉండావా?" అని మా నాయన అడిగితే, "రెండూ ఒకే దారిలో ఉండాయి నాయినా" అని నవ్వించి తప్పించుకునేవాణ్ణి. నవ్వించడం కూడా ఒక రకం గోడే. దాన్ని కూడా బాగా ఎక్కేవాణ్ణి.

మా అక్క మాత్రం ఏ గోడా ఎక్కని మనిషి. సూలూరు దారిలో మూతబడిన నూలుమిల్లు ఒకటి ఉంది. అందులో దూది బేళ్ళు పెట్టే గోడౌనుకు అద్దాలు బిగించి, చల్లమిషన్లు పెట్టి, ఎవరో ఆఫీసు చేశారు. పరదేశపు కంపెనీలు పంపే వీడియోలు చూసి, అందులో ఎవరు ఏం చేస్తున్నారో గుర్తులు పెట్టడం అక్కడి పని. అక్క అందులో మొదటినుంచీ ఉంది. నేను మూడో పనిలోంచి కూడా టీకని వెళ్ళి ఇంటికొచ్చేసిన వారంలో ఆమె తన మేనేజరు ముందు నిలబడి, సర్టిఫికెట్టు లేని తమ్ముణ్ణి తన మాట మీద తీసుకోమని అడిగింది. ఆ మేనేజరు తమిళంలో తిట్టి ఇంగ్లీషులో నవ్వే మనిషి. ఆ రోజు రెండూ చేయకుండా, "టీమ్ లీడర్ పోస్టుకి నీ పేరే పైకి పంపించానమ్మా. వాడు చెడగొడితే ఆ పేరు నేనే కొట్టెయ్యాల్సి వస్తుంది, తర్వాత బాధపడొద్దు" అన్నాడట. ఈ సంగతి అక్క నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. అక్క నాకు చెప్పింది ఒక్కటే: "అర్థం కాకుంటే అడుగు. నవ్విచ్చి తప్పిచ్చుకోవద్దు." నేను సెరి అన్నాను. నాకు సెరి అనడం చాలా సులభంగా వచ్చేది.

నాకు దొరికిన పని అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. పేరులో కాలుంది గాని ఆటంతా చేతుల్లోనే. కొబ్బరికాయలాంటి బంతిని ఒకడు దూరానికి విసురుతాడు, ఇంకొకడు పరిగెత్తి పట్టుకుంటాడు, పట్టుకున్నవాణ్ణి అవతలి జట్టు వాళ్ళు మీదపడి కూలుస్తారు. దూరంగా పరిగెత్తి పట్టేవాణ్ణి రిసీవర్ అంటారు. వరస చివర నిలబడి, ఒకసారి బంతి పట్టుకుంటూ, ఒకసారి ఎదుటివాళ్ళను అడ్డుకుంటూ ఉండే భారీ మనిషిని టైట్ ఎండ్ అంటారు. ఆ దేశంలో జనం ఇంట్లో కూర్చొని, నిజమైన ఆటగాళ్ళను ఏరుకొని ఊహాజట్లు కట్టుకుంటారట. ఏ ఆటగాణ్ణి ఏరుకోవాలో చెప్పే క్లయింటు ఒకాయన, రిసీవర్లకూ టైట్ ఎండ్లకూ ర్యాంకులు వేయించే పని మా గోడౌనుకు పంపాడు. ఒక్కొక్కడి క్లిప్పులు చూసి మార్కులు వెయ్యాలి, చివర వరసలో పెట్టాలి, పక్కన కారణం రాయాలి.

శిక్షణ రోజున మేనేజరు తెర మీద బాణాలు గీసి ఇంగ్లీషులో అంతా వివరించాడు. మధ్యమధ్యలో వైమానిక దళం విమానాలు మా రేకుల మీదుగా పోతుంటే ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "అర్థమైందా?" అంటే అందరికంటే ముందు తల ఊపింది నేనే. (తర్వాత తప్పంతా ఈ విమానాల మీదికి నెట్టాలని చూశాను. "విమానం నీ ఒక్కడి నెత్తి మీదనే పోయిందా?" అంది అక్క.) నిజానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని తెర మీద ఆ మనుషులు పరిగెత్తడం, వెంటబడినవాళ్ళు మెడ మీద పడడం చూస్తుంటే, ఇది నాకు తెలిసిన విషయమే అనిపించింది. వాడిపట్టి అనే ఊరి దగ్గర మా మామ జల్లికట్టు ఎద్దును పెంచేవాడు. బడి సెలవులన్నీ దాని పేడ ఎత్తుతూ గడిపినవాణ్ణి. ఇరుకు వాకిలిలోంచి ఎద్దు బయటికి దూకుతుంది, మనుషులు దాని మూపురం మీద పడతారు, ఒక్కడే పట్టుకొని నిలిస్తే వాడు గెలిచినట్టు, ఎవరికీ చిక్కకుండా హద్దు దాటిపోతే ఎద్దు గెలిచినట్టు. ఇక్కడ బంతి పట్టినవాడు ఎద్దు, మిగతావాళ్ళు పట్టేవాళ్ళు. ఇందులో అడగడానికి ఏముంది?

ఒక్కచోట మాత్రం అనుమానం వచ్చింది. పక్క సీట్లో అక్క ఉంది. అయినా మధ్యాహ్నం బయటికొచ్చి వాడిపట్టి మామకు ఫోన్ చేశాను.

"మామా, ఒక ఎద్దుని ముగ్గురు ఒక్కసారే పట్టుకుంటే ఎవరికి గెలుపు?"

"ముగ్గురు పట్టేది పట్టడమా? సిగ్గుమాలిన పని. ఎద్దుదే గెలుపు. యాడ జరిగింది?"

"అమెరికాలో."

"ఆడ కూడా పెట్టినారా. ఎద్దులు ఎట్లా ఉండాయి?"

"నెత్తికి టోపీలు పెట్టుకోని ఉండాయి మామా."

"కొమ్ములు కనపడకుండానా? అది మోసం రా" అన్నాడు మామ. ఆ మాటలో నిజమైన బాధ ఉంది.

ఇక నాకు అడ్డులేదు. పదకొండో నంబరు రిసీవర్ ఒకడు, సన్నగా చువ్వలా ఉండేవాడు. బంతి పట్టగానే, ఎవరూ ముట్టుకోకముందే, మైదానం పక్కనున్న తెల్లగీత దాటి బయటికి వెళ్ళిపోయేవాడు. ప్రతిసారీ అంతే. వాణ్ణి చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. పదికి పది వేశాను. కారణం దగ్గర, నాకొచ్చిన ఇంగ్లీషులో, ఎవరికీ చిక్కలేదు అని రాశాను. రెండో స్థానం, వీపు మీద ముగ్గుర్ని వేలాడేసుకొని పడిపోయే ఒక టైట్ ఎండుకు ఇచ్చాను. ముగ్గురు పట్టారు, ఫౌలు, వీడిదే గెలుపు అని రాశాను. చిట్టచివర ఎనభై ఎనిమిదో నంబరు టైట్ ఎండ్. వాడి దగ్గరికి బంతి రావడమే అరుదు. ఆట మొదలవగానే ఎదురుగా ఉన్నవాణ్ణి రెండు చేతులతో తోస్తూ అక్కడే నిలబడేవాడు, రేషన్ షాపు వరసలో తోసుకోవడమే తప్ప బియ్యం దాకా ఎన్నడూ చేరని మనిషిలా. సున్నా వేశాను. కారణం: వాకిలి దాటి రాని ఎద్దు. నా ధైర్యం చూసి మా వరసలో కొత్తగా చేరినవాళ్ళంతా నన్నడిగి నా పద్ధతిలోనే వేశారు. అక్క ఇంకో పనిలో ఉండి, "అర్థమయింది కదా, అడగాల్సింది ఏమీ లేదు కదా?" అని రెండుసార్లు అడిగింది. "అక్కా, ఈ ఆట నాకు పుట్టుకతో తెలుసు" అన్నాను.

క్లయింటు తెర మీదికి వచ్చి మాట్లాడే రోజు వచ్చింది. ముందురోజే ర్యాంకులు పంపేశాం. మేనేజరు గదిలోంచి బయటికొచ్చినప్పుడు మొహంలో ఇంగ్లీషు నవ్వు లేదు. "పదకొండో నంబరు మొదటి ర్యాంకా? ఎవరు వేసింది? దెబ్బ తగులుతుందని భయపడి ప్రతిసారీ బయటికి పారిపోయేవాడని వాళ్ళ ఊళ్ళో వాణ్ణి వెక్కిరిస్తారంట. ఈ పని మన దగ్గర ఉంచాలా తీసెయ్యాలా అని ఆయన ఇవాళే చెప్తాడు" అని తమిళంలో అన్నాడు. అందరూ కాల్ కోసం అద్దాల గదిలోకి వెళ్తున్నారు. నేను టీకి వెళ్ళాను.

గేటు దగ్గర టీ కొట్టు పక్కనే నా మోపెడ్. తాళంచెవి పెట్టాను. ఇంటికి వెళ్ళే దారి ఖాళీగా, పొద్దున్నే ఊడ్చినట్టుంది. నాకు ఆ దారి ఎంత బాగా తెలుసో చెప్పలేను. స్టాండు తీస్తూ, అలవాటు కొద్దీ వెనక్కి చూశాను, ఎవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రావడం లేదు. అద్దాల వెనక మాత్రం తెర ముందు అక్క ఒక్కతే లేచి నిలబడి ఉంది. మేనేజరు కూర్చున్నాడు, మా వరసవాళ్ళు తలలు వంచుకున్నారు, తెర మీదున్న పెద్దమనిషి ఏదో అడుగుతున్నాడు, అక్క చేతులు కట్టుకొని జవాబు చెబుతోంది. అక్క ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు, ఇద్దరం ఒకే బడి. మాటలు వినపడలేదు. ఒకసారి ఆమె పక్కనున్న నా ఖాళీ కుర్చీని చూసి, దాన్ని కాలితో మెల్లగా బల్ల కిందికి తోసేసింది, తెరలో కనపడకుండా.

ఆ కుర్చీ చూశాక మోపెడ్ ఎందుకు కదల్లేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పెట్రోలు ఉంది. టీ కూడా తాగకుండా లోపలికి వెళ్ళి, ఆ కుర్చీని బల్ల కిందినుంచి లాగి, కూర్చోకుండా పక్కన నిలబడ్డాను. "వేసింది నేను సార్" అన్నాను. తర్వాత ఎద్దు, వాకిలి, హద్దు, ముగ్గురు పడితే ఫౌలు, అంతా తమిళంలో చెప్పాను. మేనేజరు ఒక్కొక్క వాక్యానికీ కళ్ళు మూసుకొని ఇంగ్లీషులోకి మార్చాడు. మా వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. నేను మాత్రం, నా జీవితంలో మొదటిసారి, నవ్వించాలని చెప్పడం లేదు. తెర మీది పెద్దమనిషి గడ్డం గోక్కుంటూ అంతా విని, ఒక్కటే అడిగాడు: మీ ఊళ్ళో హద్దు దాటి పారిపోని ఎద్దు ఉంటే దాన్ని ఏమంటారు? నేను తల ఊపబోయి ఆగాను. "తెలీదు సార్. అడిగి చెప్తాను" అన్నాను. అక్క నా వైపు చూసింది. ఆ మాట నా నోటినుంచి ఆమె మొదటిసారి విన్నది అప్పుడే. సోమవారానికి అంతా మళ్ళీ వేసి పంపండి, అప్పుడు చూద్దాం అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మామకు ఫోన్ చేశాను.

"పరిగెత్తి పోయే ఎద్దుకి బహుమతిగా బీరువా ఇస్తారు రా" అన్నాడు మామ. "వాకిట్లోనే నిలబడి, తిరిగి తిరిగి చూసి, రా పట్టుదువు అని అంతమందిని నిలేసే ఎద్దు ఒకటి ఉంటాది. దానికి దా పేరు. అది చచ్చినా ఊరు దాని గురించే మాట్లాడతాది." (మా వైపు "దా" అంటే "మాత్రమే", రమ్మని కాదు.)

"ఇది నాకు ఏంటికి చెప్పలేదు మామా?"

"నీవు యాడ అడిగినావు? ముగ్గురు పడితే ఏమి అని అడిగినావు, చెప్పినా."

ఆదివారం ఆఫీసులో మేమిద్దరమే. మిగతా వరసవాళ్ళ క్లిప్పులు కూడా మన నెత్తినే వేసుకుందామంది అక్క. (మన అనే మాట ఆమె వాడింది, నేను కాదు.) ఎనభై ఎనిమిదో నంబరు వచ్చినప్పుడు నేను తొందరగా జరపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "బంతిని చూడొద్దు. వీణ్ణి చూడు." చూశాను. ఏమీ లేదు, తోస్తున్నాడు. "మళ్ళా చూడు." ఈసారి కనపడింది. వాడు నిలబడిన చోట ఒక సందు తెరుచుకుంటోంది. ఆ సందులోంచి సొంత జట్టువాడు బంతితో దూరిపోతున్నాడు. జనం అటు తిరిగి చేతులెత్తుతున్నారు. వీడు కింద పడినవాణ్ణి చెయ్యిచ్చి లేపి, మళ్ళీ వరస చివర తన చోటికి నడిచి వెళ్తున్నాడు. ఎవరూ వాణ్ణి చూడడం లేదు. నేను అక్కను చూశాను. ఆమె తెర మీదే కళ్ళు పెట్టి, డబ్బాలోంచి చింతపండు అన్నం తింటూ, "ఏమి చూస్తా ఉండావు, మార్కు వెయ్యి" అంది. వేశాను. ఎంతో చెప్పను గాని, సోమవారం వెళ్ళిన వరసలో వాడు చివర లేడు.

పని మా దగ్గరే ఉంది. అక్క పేరు కొట్టేసే అవసరం రాలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు ఆ ఆట నేర్పేది నేనే. విమానం పోతుంటే ఆగుతాను, మళ్ళీ మొదలుపెడతాను. "అర్థమైందా?" అంటే అందరికంటే ముందు తల ఊపేవాడు ఒకడు ప్రతి బ్యాచిలోనూ ఉంటాడు, నవ్వే కళ్ళతో, కుర్చీ అంచు మీద కూర్చొని, తలుపు ఎంత దూరమో కొలుచుకుంటూ. వాణ్ణి చూస్తే నాకు కోపం రాదు. తొమ్మిదో తరగతి చువ్వలాంటి కుర్రవాడొకడు, ఒంటికాలి చెప్పుతో గోడ దిగి, తనకెవరూ సాటి లేరనుకుంటూ ఎండలో నడిచి వెళ్ళడం కనిపిస్తుంది. పాపం, వాడికి మొదటి ర్యాంకు వేసింది ఒక్కడే, వాడే.

ఆ ఆదివారం పని ముగించి, అలసిపోయి, గేటు దగ్గర టీకి ఇద్దరం వెళ్ళాం. నేను మళ్ళీ మామూలు మనిషినయ్యాను. గీత గీసినట్టు రోడ్డుకూ కొట్టుకూ మధ్య తారు అంచు ఉంటుంది. దాని అవతల మోపెడ్ మీద కూర్చొని, గ్లాసు పట్టుకొని అడిగాను: "అక్కా, ఇంతమందికి ర్యాంకులు వేసినామే, నన్ను యాడ పెడతావు?"

అక్క కొట్టు బెంచీ మీద పక్కకు జరిగి, నాకు చోటు చేసి చెప్పింది: "లోపల ఉండేవాళ్ళకి దా రా ర్యాంకు. ముందు నీవు గీత ఇవతలికి రా, తర్వాత చూస్తాము."