ఎండకు కాస్త చోటు

పురపాలక కార్యాలయంలో అందరూ ఆమెను వేళ్ళ మేడమ్ అనేవారు. కొత్తగా కట్టే భవనాల చుట్టూ చెట్లూ, నడకదారులూ, ఖాళీ జాగాలూ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు రాసింది ఆమే. ఏ బిల్డరు ప్లాను తెచ్చినా కళ్ళజోడు సవరించుకుని, "చెట్టు బాగా గీశారండీ, మరి వేళ్ళకి చోటేదీ?" అని అడిగేది. గోడనానుకుని పెద్ద చెట్టు గీసిన ప్లాను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళేది. మలుపు దగ్గర పొదలు మోకాలెత్తు దాటితే, కారు తోలేవాళ్ళకు పిల్లలు కనపడరని కొట్టేసేది. బయట ఎంత సణుక్కున్నా, ఆమె గదిలోకి వచ్చేసరికి బిల్డర్లు పిల్లులైపోయేవారు.

అలాంటి మనిషి తన నిబంధనల ప్రకారమే కట్టిన భవనంలో కింది అంతస్తు ఫ్లాటు కొనుక్కుంది. కొన్నేళ్ళకే చెట్లు ఏపుగా ఎదిగి, మండు వేసవిలోనూ ఇల్లు చల్లగా ఉండేది. ఆమె మురిపెం అత్తగారు వచ్చేదాకా సాగింది.

అత్తగారిది కుండబద్దలు కొట్టే తత్వం. వచ్చిన మర్నాడే దుప్పట్లు ఉతికి, బకెట్టు చంకన పెట్టుకుని భవనం చుట్టూ తిరిగింది. తీగ కట్టుకునే వీలున్న చోటల్లా నీడే. డాబా మీద చూస్తే సోలార్ పలకలు. చివరికి బాల్కనీలోనే ఆరేస్తే, సాయంత్రానికి తడి తడిగానే ఉంది, పైపెచ్చు ముక్కిన వాసన.

"ఈ చెట్ల రూలు రాసినవాడెవడో జన్మలో ఒక్క దుప్పటి ఆరేసి ఉండడమ్మా," అంది కోడలితో.

సోఫాలో భర్త పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు మాత్రం ఊగుతోంది. ఆమెకు చురుక్కుమంది. కానీ అత్తగారన్నది నిజమే. ఆ ఇంట్లో బట్టలు ఆరేసేది భర్తే, అదీ పడగ్గదిలో ఫ్యాను కింద. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, వేళ్ళ మేడమ్‌తో ఎవరు పెట్టుకుంటారని నవ్వాడు.

"రాసింది నేనే అత్తయ్యా," అంది ఆమె.

అత్తగారు ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకుంది. "మరీ మంచిది. దిద్దే మనిషి ఇంట్లోనే ఉందన్నమాట."

ఆ ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ స్టూలు మోసుకుంటూ, ఎక్కడ ఎంతసేపు ఎండ ఉంటుందో కూర్చుని చూస్తూ తిరిగారు. నీళ్ళు రావడం ఎప్పుడో మానేసిన ఫౌంటెన్ దగ్గర మధ్యాహ్నం దాకా ఎండ దండిగా ఉంది. భవనం సంఘంవాళ్ళు ఫౌంటెన్ తీయించి, స్తంభాలు పాతి తీగలు కట్టించారు.

ఆ తర్వాత ఆమె నిబంధనల్లో కొత్తది చేర్చింది. ప్రతి స్థలంలోనూ బట్టలారేసుకోవడానికి ఎండా గాలీ తగిలే జాగా వదలాలి, దానికి అడ్డంగా చెట్టు నాటకూడదు. సమావేశంలో ఒక బిల్డరు, దుప్పట్లు వేలాడుతుంటే బ్రోచర్లో ఏం బాగుంటుందని గొణిగాడు.

"మీ బ్రోచర్లో ఎవరూ కాపురం ఉండరు కదండీ," అంది ఆమె. నవ్వుల మధ్య నిబంధన గట్టెక్కింది.

ఇప్పుడు ఆ తీగల దగ్గర పొద్దున్నే సందడి. మూడో అంతస్తులోని రిటైర్డ్ మేనేజరుగారు నోట్లో క్లిప్పులు కరుచుకునే రాజకీయాలు మాట్లాడతారు. బట్టలు సరిగ్గా పిండనివాళ్ళకు అత్తగారి చేతిలో చీవాట్లు తప్పవు. కోడలికి ఆ పాఠం రోజూ ఉంటుంది. మొన్న ఆమె ఆరేసిన దుప్పటి గాలికి లేచి మోకాలెత్తు పొదల మీద పరుచుకుంది.  అత్తగారు ఇంకో రెండు క్లిప్పులు ఆమె చేతిలో పెట్టింది.