అక్క ఇంటి ఆకాశబుట్టి

నేను ఏడో తరగతిలో ఉండగా మా అక్క పెళ్లి చేసుకొని థర్మల్ కాలనీకి వెళ్లిపోయింది. బావకు కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. రాయచూరులో బస్సెక్కితే ఎంతసేపో పట్టదు. అంత దగ్గర ఉన్న మనిషి రాత్రికి మా ఇంట్లో లేకపోవడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

అమ్మా నాన్నా పొద్దంతా బజారులో, మా పూజాసామాన్ల దుకాణంలో ఉండేవారు. నాకు జడ వేసిందీ, ఎక్కాలు చెప్పిందీ, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ అక్కే. ఏటా దీపావళికి ఇద్దరం కలిసి ఆకాశబుట్టి చేసేవాళ్లం. వెదురు పుల్లలు చీల్చి, దారంతో బిగించి, రంగు కాగితాలు మైదా జిగురుతో అతికించి, లోపల దీపం పెట్టి వాకిట్లో ఎత్తుగా వేలాడదీసేవాళ్లం. పుల్లలు కట్టడం అక్క పని. కింద వేలాడే కాగితపు తోకలను అలలు అలలుగా కత్తిరించడం నా పని. ఆ కత్తిరింపు నాకు తప్ప వీధిలో ఎవరికీ రాదని నా నమ్మకం.

పెళ్లయిన తొలి దీపావళికి అక్కాబావలు మా ఇంటికి రావాలి. నేను వెదురు పుల్లలు నానబెట్టుకొని కూర్చున్నాను. పండుగ ముందు బావ ఒక్కడే వచ్చాడు.

"డ్యూటీ పడ్డది మామా, సెలవు దొరకలె. పాడ్యమి నాడు మీరే అందరు మా ఇంటికి రండ్రి," అన్నాడు.

లక్ష్మీపూజ అయిన మర్నాడు, పాడ్యమి సాయంత్రం బయలుదేరాం. బావకు బట్టలు, అక్కకు చీర, తీపి గరిజల డబ్బా. వాటి కింద ఒక కొత్త లంగా కనిపించింది. పచ్చ పువ్వుల గుడ్డ. అచ్చం నాకు కుట్టిన లంగా లాంటిదే.

"ఇది ఎవరికే?" అన్నాను.

"బావ చెల్లెకు. ఆ పిల్ల ఈడ సదువుకుంటున్నది గద, అక్క కాడనే ఉంటది."

"నా గుడ్డే దొరికిందా నీకు?"

"గిట్ల మాట్లాడొద్దు బిడ్డా. అక్కకు ఆడబిడ్డ," అంది అమ్మ.

నా ఈడు పిల్ల. ఆమె గురించి విన్నాను గానీ అక్క ఇంట్లో ఉంటోందని అప్పుడే తెలిసింది. బస్సు పొడుగునా ఆ సంచి నా కాళ్లకు తగులుతూనే ఉంది.

మేము చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మా వీధిలో సాయంత్రమైతే కరెంటు కోత. ఇక్కడ మాత్రం ప్రతి ఇంట్లో ట్యూబులైటు, ప్రతి గదిలో ఫ్యాను. అక్కకు చెమట పట్టకపోవడం కూడా నాకు కంటగింపుగానే ఉంది. అంతలో వాకిట్లో వేలాడుతున్న ఆకాశబుట్టి కనిపించింది. నక్షత్రం ఆకారం, లోపల బల్బు. కింద తోకలు, అలలు అలలుగా.

"ఎవరు చేసిండ్రు?" అని అడిగాను.

"నేను, వదినె," అంది తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల. "తోకలు నేనే కత్తిరించిన."

అక్క నన్ను దగ్గరికి తీసుకొని బుగ్గలు నిమిరింది. నేను కర్రలా నిలబడ్డాను. అన్నం తినేటప్పుడు ఆ పిల్ల అక్కకు ఆనుకొని కూర్చుంది. అది నా చోటు. పొద్దున అక్క దువ్వెన పట్టుకొని పిలిస్తే, "నాకు అమ్మ ఏస్తది," అన్నాను. ఆ దువ్వెన ఆ పిల్ల తలలోకి వెళ్లింది. అమ్మ నా జడ వంకరగా వేసింది.

బావ డ్యూటీకి వెళ్లాక మేమంతా జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ కట్టుకొని కృష్ణ ఒడ్డుకు నడిచాం. మా ఇద్దరికీ ఒకే లంగాలు. బట్టలుతుకుతున్న ఒకామె మమ్మల్ని చూసి, ఇద్దరూ నీ చెల్లెళ్లేనా అని కన్నడంలో అడిగింది. అక్క నవ్వి, అవునంది.

"నేనొక్కదాన్నే చెల్లెను!" అని అరిచాను.

అమ్మ నా జబ్బ గిల్లింది. ఆ పిల్ల వెళ్లి నీటి పక్కన బండమీద కూర్చుంది. రొట్టెలు విప్పినా రాలేదు. పిలుచుకు రమ్మని అక్క నన్నే పంపింది.

"రా, అక్క పిలుస్తున్నది."

"నువ్వే పో. ఆమెకు కావాల్సింది నువ్వే," అంది నావైపు చూడకుండానే.

"ఏంది?"

"దినాము నీ ముచ్చటే. మా చెల్లె గిట్ల తింటది, మా చెల్లెకు లెక్కలు జల్దిన వస్తయి. నేను తోకలు కత్తిరిస్తే చింపేసి, మా చెల్లె కత్తిరించినట్ల మల్ల చెయ్యి అన్నది. నిన్న నువ్వొస్తవని పొద్దటి నుంచి వాకిట్లనే నిలబడ్డది. నాకు జడ గూడ ఏయలె. మా అమ్మ యాడనో లింగసుగూరు అవతల ఉంటది. ఈడ నాకు వదినె ఒక్కతే," అంది.

నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. కడుపు నిండిపోయింది. వెళ్లి అక్క పక్కన కూర్చొని రెండు రొట్టెలు తిన్నాను. ఆ పిల్ల తర్వాత తనంతట తానే వచ్చింది.

ఆ సంతోషం బస్సెక్కేదాకానే ఉంది. కిటికీలోంచి చూస్తే అక్క చెయ్యి ఊపుతోంది, రెండో చెయ్యి ఆ పిల్ల భుజం మీద ఉంది. పొగడ్తలు నాకు, అక్క ఆమెకు. ఆ లెక్క ఎలా చూసినా నాకు నష్టంగానే తోచింది.

ఎండాకాలంలో అక్క కాన్పుకు మా ఇంటికి వచ్చింది. బడికి సెలవులని ఆ పిల్లా వెంట వచ్చింది. మాట్లాడుకోకుండానే ఒకే చాప మీద పడుకునేవాళ్లం. ఆడపిల్ల పుట్టింది. ఇల్లంతా తొట్టె చుట్టూ చేరింది. అక్క కళ్లు ఆ పసిదాని ముఖం మీంచి మరలలేదు. నేను రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఆ పిల్ల పిలిచింది, ఆమెకూ జవాబు లేదు.

"మనల్ని సూస్తనే లేదు," అంది నా చెవిలో.

"నల్లగున్నది గద, ఏముందని గంత మురిపెం?" అన్నాను.

"ముక్కు గూడ సప్పిడిదే."

"పా, బజారుకు పోయి ఐసు తిందాం."

ఆ సెలవులన్నీ ఆ పసిగుడ్డును ఇద్దరం కలిసి ఓర్వలేకపోయాం.