అత్త దొర్లించిన తారు డ్రమ్ము

నా చిన్నప్పుడు మా చేన్లో జరిగిన సంగతి చెప్పమని మనవరాళ్లు అడిగినప్పుడల్లా ముందే చెప్పేస్తాను, ఇది నవ్వుకునే కథ కాదు, చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతుందని. వయసు పైబడితే కోపం చల్లారుతుందంటారు. ఎవరికి చల్లారిందో ఏమో, నాకైతే చల్లారలేదు.

మా ఊరు బంగారుపాళ్యానికి దగ్గర. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావి అడుగు కనబడింది. మా నాయన వేయించిన బోర్లన్నీ దుమ్ము లేపి ఊరుకున్నాయి. ఎండిపోతున్న శనక్కాయ చేను చూసొచ్చి ఆయన కంచం ముందు ఊరికే కూర్చునేవాడు. ఆ బాధ నేను కళ్లారా చూశాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

మా ఇంట్లోనే మా మేనత్త ఉండేది, నాయనకు చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. మా తాత కన్నుమూసే ముందు చేను గట్టున ఉన్న బెంగుళూరా మామిడి చెట్ల వరసను ఆమెకిచ్చి పోయాడు. ఆమెకంటూ ఉన్నవి ఆ చెట్లే. వాటి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి పోతేనే ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికేది. ఆ చెట్లకు మందు కొట్టేదీ, కావలి కాసేదీ ఆమే.

అప్పుడొచ్చాడు, డబ్బు తీసుకుని బోరుకు నీళ్లు చూసేవాడు. నుదుట ఇంత కుంకుమ, చేతిలో అద్దం మూత పెట్టిన చిన్న చెక్క పెట్టె. ఆ పెట్టెలో గడియారం ముల్లులాంటి ఒక ఇనుప ముల్లు. కింద గంగమ్మ ఉన్న చోట ముల్లు దానంతట అదే తిరుగుతుందన్నాడు. కర్పూరం వెలిగించి, గంగమ్మ నేల కాబట్టి అందరినీ చెప్పులు విప్పమన్నాడు. తాను మాత్రం విప్పలేదు. కాలిలో ముల్లు దిగిందట, బూట్లు తీస్తే నడవలేడట. మా నాయనతో సహా ఊళ్లో పెద్దమనుషులంతా ఎండలో కాళ్లు కాల్చుకుంటూ వాడి వెనక తిరిగారు.

పెట్టెను అక్కడక్కడా నేల మీద పెట్టి, దాని చుట్టూ నడిచి చూశాడు. ఎక్కడా కదలని ముల్లు నేరుగా మా అత్త చెట్ల నడుమకు పోయి గిర్రున తిరిగింది. బోరు లారీ లోపలికి రావాలంటే వరస మొత్తం కొట్టేయాలి. నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రేపే మనుషుల్ని పిలుస్తానన్నాడు. చెట్లు ఎవరివో ఆమె అక్కడే నిలబడి ఉంది. ఆమెను ఒక్కడూ ఒక్క మాట అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నా పళ్లు పటపటమంటాయి.

అత్త ఏడవలేదు. వాడి కాళ్లకేసే చూస్తూ నిలబడింది. వాడు మళ్లీ మళ్లీ చూపిస్తుంటే, ముల్లు తిరిగిన ప్రతిసారీ వాడి కుడి బూటు పెట్టె పక్కకు రావడం ఆమె కనిపెట్టింది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. అయస్కాంతం కాగితం కింద పెడితే పైన గుండుసూదులు లేచి నిలబడతాయని, నడుమ ఇనుప మూత అడ్డం పెడితే పడిపోతాయని అయ్యవారు చూపించినది ఆమెకు గుర్తుంది. ఆడపిల్లకు ఇంక చాలని ఆ చదువు మాన్పించింది కూడా మా వాళ్లే.

ఇంటికి పరిగెత్తి, అడుగు తుప్పుపట్టి ఊడిపోయిన తారు డ్రమ్మును చేన్లోకి దొర్లించుకుంటూ తెచ్చింది. పైనా లేదు, కిందా లేదు, చుట్టూ గోడ మాత్రం మిగిలిన డ్రమ్ము. దడదడమని అది గట్లు ఎక్కి దిగుతుంటే మగవాళ్లంతా పగలబడి నవ్వారు. నాయన సిగ్గుతో చచ్చిపోయాడు, ఇంటికి పొమ్మని కసిరాడు. ఆమె లెక్కచేయలేదు. వాడు చూపించిన చోటనే డ్రమ్మును నిలబెట్టి, లోపల నట్టనడుమ ఇటుక పెట్టి, దాని మీద వాడి పెట్టె పెట్టింది.

“గంగమ్మ కింద ఉండాది గదా సామీ. కింద నేను మూయలేదు. సుట్టూ మాత్రం మూసినాను, అంతే. ఇప్పుడు తిప్పు” అంది.

ఇనుము అడ్డమొస్తే గంగమ్మ పలకదని వాడు దబాయించాడు.

“బోరులోకి దించేది ఇనుప గొట్టమే గదా. అప్పుడు మాత్రం పలుకుతాదా?”

నవ్వుతున్న వాళ్లు ఆపేశారు. నడిచి చూపించమని ఎవరో అన్నారు. వాడు డ్రమ్ము చుట్టూ తిరిగాడు. అందరూ అంచు మీంచి వంగి చూశారు. ముల్లు ఒక పక్కకు ఒరిగి అట్లే నిలిచిపోయింది. అత్త డ్రమ్మును ఎత్తి పక్కన పెట్టింది. వాడు వెనక్కి జరగబోతుంటే ముల్లు వాడి బూటు వెంటే తిరిగింది.

నాయనే వాడి కాలు పట్టి బూటు లాగేశాడు. మడమలో, తోలు అట్టల నడుమ, పాత స్పీకరులోంచి పీకిన నల్లటి అయస్కాంతం. వాడికి రెండు తగిలించి ఊరు దాటించారు. చెట్లు నిలబడ్డాయి.

ఆ సాయంత్రం చూరు కింద కూర్చుని అత్త నాకు విడమరిచి చెప్పింది. అయస్కాంతం లాగుడునంతా ఇనుము తన ఒంట్లోకే తీసుకుని పక్కకు మళ్లిస్తుంది, లోపలికి పోనివ్వదు. ఎవరైనా ఏదైనా మహిమ చూపిస్తే, అది ఏ వైపు నుంచి వస్తుందని చెబుతున్నాడో ఆ వైపు తెరిచిపెట్టి, మిగతా వైపులు మూసి చూడమంది. ఆ మాట నాకు బతుకంతా పనికొచ్చింది.

కానీ నాకు ఎక్కువ ఒళ్లు మండేది ఆ దొంగ మీద కాదు. మరుసటి పొద్దున టీ అంగట్లో మా నాయన, “వాడి బూట్లు చూడగానే నాకు అనుమానమొచ్చింది” అని చెబుతున్నాడు. వారం తిరిగేసరికి డ్రమ్ము ఉపాయం కూడా ఆయనదే అయిపోయింది. చేన్లో నిలబడి కళ్లతో చూసిన పెద్దమనుషులే, భలే పట్టినావప్పా అని తలలు ఊపారు. ఒక్కడు కాదనలేదు.

నాకు పెళ్లీడు వచ్చాక ఒక పెళ్లి పందిట్లో నాయన మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. అత్త అక్కడే బంతిలో సాంబారు వడ్డిస్తోంది. నేను విస్తరి ముందు నుంచి లేచి, “పట్టింది నువ్వు కాదు నాయనా, అత్త” అన్నాను. నాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అత్త గరిటె కింద పెట్టి, నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

“నా చెట్లు నిలబడినాయి గదా పాపా. నాకదే సాలు. నీకు సాలదా?” అంది.

“సాలదు” అన్నాను.

అత్త పోయింది, నాయనా పోయాడు. మొన్న ఒక బంధువు కర్మంతరానికి పోతే ఒక ముసలాయన మా నాయన తెలివి గురించి మొదలుపెట్టాడు. నేను మధ్యలోనే ఆపి, ఎవరు పట్టారో, ఎట్లా పట్టారో మొత్తం చెప్పాను. చావు జరిగిన ఇంట్లో ఇప్పుడెందుకీ గొడవ అని మా కోడలు వెనక నుంచి కొంగు లాగుతూనే ఉంది. లాగితే లాగనీ.