బావ ఒళ్లో పెట్రోలు టేంకు

చోడవరంలో బండి ఉన్నవాడెవడూ మీటరు ముల్లును నమ్మడు. హేండిల్ పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపి, లోపల పెట్రోలు గలగలమంటే వడ్డాది దాకా పర్లేదంటాడు. మూత తీసి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తే గానీ కొందరికి తృప్తి ఉండదు. బైకు మెకానిక్ బంగార్రాజు ఆ అలవాటులోనే పుట్టి పెరిగాడు. అందుకే విమానం చేసినప్పుడు కూడా టేంకును కళ్లెదురుగా, కూర్చున్నవాడి మోకాళ్ల మీదికి వచ్చేలా బిగించాడు. గలగల వినొచ్చు, మూత తీసి చూసుకోవచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాడు.

విమానం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. అల్యూమినియం గొట్టాలు, గుడ్డ కప్పిన రెక్కలు, ముందు ఒక ఇంజను, దాని వెనక ఒకే ఒక్క సీటు. చెరకు ట్రాలీలు చేసే షెడ్డులో ఓ మూల కూర్చుని, ఫోనులో వీడియోలు చూసి కట్టాడు. నవ్వినవాళ్లు నవ్వారు, రెక్క తట్టి వెళ్లినవాళ్లు వెళ్లారు. ‘విమానం బంగార్రాజు’ అన్న పేరు మాత్రం నిలబడిపోయింది. ఆ పేరంటే అతనికి ప్రాణం.

కట్టినవాడే ఎక్కాలి కదా అని మీరడగొచ్చు. అయితే బంగార్రాజుది భారీ విగ్రహం. తను కూర్చుంటే చక్రాలు నేలను వదిలేలా లేవు. చెల్లెలు రోజా మొగుడు సత్యారావు బక్కపలచని మనిషి, రావికమతం రూటులో షేరాటో నడుపుతాడు. ఎవరడిగినా కాదనలేని మెత్తనివాడు, బంగార్రాజు అడిగితే సరేనన్నాడు. ఎక్కే ముందు మాత్రం ఒళ్లోని టేంకును వేలితో తట్టాడు.

“బావా, ఇది పగిలితే నా మీదే కదేటి?”

“బైకెక్కితే టేంకు కాళ్ల మధ్యనే కదా ఉంటాది. ఏటవుతాది?” అన్నాడు బంగార్రాజు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే సత్యారావు కూడా నవ్వేసి కూర్చున్నాడు.

రోలుగుంట దగ్గర చెరకు కొట్టేసిన మళ్లలో జరిగింది ఆ సంబడం. విమానం పరుగెత్తింది, మనిషెత్తు లేచింది, పక్కకు ఒరిగి గట్టుకు ముక్కు గుద్దుకుంది. అంత పెద్ద దెబ్బేం కాదు. ఏ చెయ్యో బెణికి, ఏ పక్కటెముకో వాచి అంతటితో పోవలసింది. కానీ ఇంజను వెనక్కి జరిగి టేంకును నొక్కేసింది. టేంకు అతుకు దగ్గర విచ్చుకుంది. పెట్రోలంతా సత్యారావు ఒళ్లో పడి, కాలుతున్న సైలెన్సరుకు తగిలి భగ్గుమంది. తడి గోనెలు కప్పి బయటికి లాగేసరికే తొడల నుంచి పాదాల దాకా కాలిపోయింది.

ఆసుపత్రి వరండాలో ఎవరో అన్నారు, సత్యారావే గాభరాపడి ఏదో లాగేసుంటాడని. అందరూ బంగార్రాజు వైపు చూశారు. ఇంజను గురించి, టేంకు గురించి అక్కడ తెలిసినవాడు అతనొక్కడే. అవునని అనలేదు, కాదనీ అనలేదు, తల దించుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఊరికి సాక్ష్యమైపోయింది. సత్యారావు ఎన్నో నెలలకు మళ్లీ ఆటో బయటికి తీస్తే, ఎక్కబోయినవాళ్లు మొహం చూసి, గాభరా మనిషి మనకెందుకని వెనకాల ఆటోలోకి వెళ్లేవారు.

ఈలోగా ఓ ఇంజనీరింగు కాలేజీవాళ్లు తమ పిల్లలకు చూపించడానికి ఇంకో విమానం కట్టమని బంగార్రాజును అడిగారు. ఎగిరేది కాదు, బొమ్మలా నిలబెట్టేది. దానికి టేంకులు రెక్కల్లో పెట్టాడు. రెక్క విరిగినా పెట్రోలు వచ్చే గొట్టం తెగకుండా రబ్బరుది వేసి, కాస్త వదులుగా వదిలాడు. ఎవరూ చెప్పలేదు. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి.

కాలేజీలో మైకు ఇచ్చారు. గుద్దుకున్నప్పుడు ముందు నలిగేది ముక్కు అని, ఇంజనుకీ మనిషికీ మధ్య పెట్రోలు ఉండకూడదని, రెక్కల్లో ఉంటే మనిషికి బయటపడే టైము దొరుకుతుందని వివరించాడు. పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు చెప్పాడు, దొంగ మొహం! పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు శాలువా కప్పుతుంటే ఒళ్లంతా చీదర పుట్టింది. ఆ చప్పట్లలో ప్రతి చప్పుడూ బావ కాళ్ల మీద పడుతున్నట్టే అనిపించి, సిగ్గుతో చచ్చిపోయాడు.

అక్కడి నుంచి తిన్నగా చెల్లెలింటికి వెళ్లాడు. శాలువా బస్సులోనే వదిలేశాడు. సత్యారావు మంచం మీద కాళ్లు చాపుకుని ఉంటే, రోజా మచ్చలకు కొబ్బరినూనె రాస్తోంది.

“టేంకు అక్కడ పెట్టింది నేను,” అన్నాడు బంగార్రాజు నిలబడే. “రెక్కల్లో పెట్టుంటే బావ నడుసుకుంటూ ఇంటికొచ్చేసేవోడు. బావ తప్పేం లేదమ్మీ.”

రోజా చెయ్యి ఆపలేదు. “ఈయన నీ షెడ్డుకొచ్చి కొత్తదాన్ని సూసేడన్నయ్యా. టేంకులు రెక్కల్లోకి మార్చేవని ఆ రోజే సెప్పేడు. నువ్వొచ్చి సెప్తావని సూస్తన్నాం.”

బంగార్రాజు తలుపు చెక్క పట్టుకున్నాడు. వాళ్లకు తెలుసు. అతనికి తెలుసని కూడా తెలుసు. ఇన్నాళ్లూ వచ్చినప్పుడల్లా అన్నం పెట్టి, మంచినీళ్లిచ్చి పంపారు.

“మాకు సెప్పేవు, బాగుంది,” అన్నాడు సత్యారావు నెమ్మదిగా. “ఆటో స్టాండులో సెప్పు బావా. నాకు కావల్సింది అక్కడ.”

బంగార్రాజుకు స్టాండులో ఎవరెవరుంటారో ఒక్కొక్కరి మొహమే కళ్ల ముందుకొచ్చింది. విమానం బంగార్రాజు అని లేచి చోటిచ్చే మొహాలవి. ఆ కాళ్లు ఎదురుగా ఉండగా తన పేరు గురించి బెంగపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఇప్పుడే ఎల్దాం, లే బావా,” అన్నాడు.

సత్యారావు లేవడానికి చాలాసేపు పట్టింది. ముందు ఒక కాలు దించాడు, పళ్లు బిగపట్టి రెండోది దించాడు. సాయం వద్దని చేత్తోనే వారించాడు. బంగార్రాజు పక్కన నిలబడి అదంతా చూడాల్సి వచ్చింది.