తలుపు వేశాక ఒకసారి తోసి చూడు

మా సారు పోయారన్న కబురు పొద్దున నేను బస్సులో ఉండగా వచ్చింది. తెలియని నంబరు. గొంతు మాత్రం వాళ్ల అబ్బాయిదే. "అక్కా, బాపు పోయిండు. నిద్రల్నే పోయిండు" అన్నాడు. ఓదార్పు మాట ఒక్కటైనా అనకుండా నేను ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, నా దగ్గరున్న వాళ్లింటి నంబరుకు నేనే చేశాను. ఆ అబ్బాయే ఎత్తాడు.

"నువ్వు కట్ చేసి మల్ల చేస్తవని తెల్సక్కా. బాపు నేర్పిందే గద" అన్నాడు.

ఈ ఉద్యోగంలో దొంగ ఫోన్లు చాలా చూశాను. ఒక ఫోన్ దొంగది అయితే బాగుండునని కోరుకోవడం మాత్రం అదే మొదలు.

పాతబస్తీలో, లాడ్ బజార్ వెనక సందులో మాదో చిన్న సహకార బ్యాంకు. గాజుల దుకాణాలవాళ్లు, బట్టల వ్యాపారులు, చిన్న ఉద్యోగులు మా ఖాతాదారులు. వాళ్ల ఖాతాల్లోకి దొంగలు దూరకుండా కంప్యూటర్లకు కాపలా కాసే గది ఒకటి మేడమీద ఉంది. ఆ గదికి ఆయన పెద్ద, ఆయన కింద నేను. నాకు ఆయన సారు, బజారుకు కంప్యూటర్ సాబ్. కార్వాన్ నుంచి పాత స్కూటరు మీద వచ్చేవారు. సందు మొదట్లో దాన్ని ఆపి, దుకాణం దుకాణం పలకరిస్తూ నడిచి వచ్చేసరికి నాకు సగం పని అయ్యేది. ఆ సంగతి ఎత్తితే, "నాది గూడ పనే బిడ్డా. ఎవరి గొంతు ఎట్లుంటదో తెల్సుకొని వస్తున్న" అనేవారు.

గొంతుల మీద ఆయనకు నమ్మకం పోయిన రోజు నాకు బాగా గుర్తు. గాజుల దుకాణం చాచా ఆయాసపడుతూ మేడెక్కి వచ్చాడు. కొడుకు ఫోన్ చేసి, ఎక్కడో పట్టుబడ్డానని, వెంటనే పైసలు పంపమని ఏడ్చాడట. "సాబ్, బచ్చే కీచ్ ఆవాజ్ థీ" అచ్చం మా పిల్లాడి గొంతే అంటున్నాడు చాచా. సారు ఆయన్ని కూర్చోబెట్టి, ఛాయ్ చెప్పి, "ఫికర్ నక్కో మియా, ఏం గాదు. గా ఫోన్ కట్ చేసిన్రు గద, ఇప్పుడు మీరు చెయ్యిన్రి" అన్నారు. కొడుకు మొదటి రింగుకే ఎత్తాడు. దుకాణం పైఅంతస్తులో గాజులు సర్దుతున్నాడు. చాచా కాసేపు ఫోన్ వైపు, కాసేపు మా సారు వైపు చూసి, కొడుకును నోరారా తిట్టాడు. కంప్యూటర్‌తో గొంతు దొంగిలించిన వాడు దొరకలేదు కాబట్టి తిట్లు ఆ పిల్లాడికి పడ్డాయి.

ఆ తర్వాత బజారంతా ఆయన ఒకటే పాఠం చెప్పారు. "పెట్టెయ్యి, నువ్వే చెయ్యి. నిజమైనోడైతే మల్ల ఎత్తుతడు." ఇదేం పెద్ద చదువని కొందరు నవ్వారు. ఆయనా నవ్వారు.

ఈ పనిలో ఉండే అలసట చెబితే అర్థమయ్యేది కాదు. ఒకప్పుడు మెయిల్లో వచ్చే దొంగ ఉత్తరాన్ని అందులోని తప్పుల్ని బట్టి పట్టేవాళ్లం. ఇప్పుడు తప్పుల్లేని ఉత్తరం వస్తేనే అనుమానం. నెలకొక కంపెనీ మనిషి టై కట్టుకుని వస్తాడు. కిందటేడు అమ్మిన సరుకుకే ముందు ఏఐ అని తగిలించి మళ్లీ అమ్మజూపుతాడు. రోజంతా తెర మీద హెచ్చరికలు, అందులో నూటికి తొంభై ఉత్తవి, మిగిలినవి ఏవో ఎవరికీ తెలియదు. నాకు విసుగొచ్చి మౌస్ విసిరికొట్టినప్పుడు సారు దాన్ని ఏరి బల్ల మీద పెట్టేవారు. సాసర్‌లో ఛాయ్ పోసుకుని, ఊదుకుంటూ, నేను చల్లారేదాకా ఆగేవారు.

పోయిన సంవత్సరం మా బ్యాంకూ ఒక ఏఐని తెచ్చింది. బ్రాంచీల్లో సిబ్బందికి సందేహం వస్తే జవాబు చెబుతుంది. దానికి చదువు చెప్పింది సారు పాత జవాబులతోనే. ఎవరేం అడిగినా ఆయన మొదట రాసే మాట ఒకటుంది, "ముందు ఛాయ్ తాగు, అప్పుడు చూద్దాం" అని. అదీ దాన్నే పట్టుకుంది. దాని మీద ఆయన అభిప్రాయం మాత్రం మారలేదు. "ఇది మస్తు చదువుకున్న కొత్తల్లుడి లెక్క. ఏది అడిగినా జవాబిస్తది. తెల్వదు అన్న మాట మాత్రం నోట్లకెల్లి రాదు."

అయితే నేను రాయాలని కూర్చున్నది ఆయన తలుపు మూసే పద్ధతి గురించి. మా బ్యాంకు నుంచి ఎవరు వెళ్లిపోయినా, రిటైరైనా, రాజీనామా ఇచ్చినా, ఆ రోజు సాయంత్రమే వాళ్ల లాగిన్ తీసేయాలి. ఈ నియమం అన్ని చోట్లా ఉంటుంది, ఎవరూ పాటించరు. సారు పాటించేవారు. వెళ్లే మనిషిని మా గదికి పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టేవారు. మా ఆయమ్మ ఛాయ్, బిస్కెట్లు తెచ్చేది. "నీ తలుపు నువ్వే మూస్కో" అని మీట వాళ్ల చేతే నొక్కించేవారు. అక్కడితో అయిపోదు. "తలుపేసినంక ఒకసారి తోసి చూడాలె" అని వాళ్ల పేరు వాళ్లచేతే మళ్లీ కొట్టించేవారు. ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు అని తెర మీద వచ్చేది. ఆయనే పట్టుబట్టి ఆ మాటను తెలుగులో పెట్టించారు. ముప్పై ఏళ్లు చేసిన క్యాషియర్ అది చదివి పగలబడి నవ్వడం, నవ్వుతూనే కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను. "దొంగకు అందరికన్న ఇష్టమైనోడు ఎవరనుకున్నవు? పోయినోడు. ఆని పేరు వాడుకుంటే ఆడు లొల్లి చెయ్యడు. పిలిస్తే పలకడు" అన్నారు. ఆయనకు రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. "నా వంతు వచ్చిన్నాడు బిస్కెట్లు నీ ఖర్సే" అని అప్పుడప్పుడు గుర్తుచేసేవారు.

ఆ రోజు కార్వాన్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి వాకిలి నిండా మనుషులు. ఆయన భార్యను మేమంతా అమ్మా అని పిలుస్తాం. నన్ను చూడగానే ఆమె లేచి లోపలికి వెళ్లి, ఆయన ఆఫీసు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మనిషిని ఎత్తకముందే మీ ఆఫీసోళ్లకు ఇయ్యమన్నడు బిడ్డా. ఎప్పుడో చెప్పి పెట్టిండు" అంది. అప్పటిదాకా ఏడవని నేను అక్కడ ఏడ్చాను.

మధ్యాహ్నం ఆయన్ని తీసుకెళ్లారు. నేను ఇంటికి పోకుండా ఆటో ఎక్కి ఆఫీసుకు బయల్దేరాను. దారిలో మా జనరల్ మేనేజర్ గారి ఫోన్. "అమ్మా, ఆయన లాగిన్ ఇప్పుడే తీసేయకండి. నెలాఖరు రిపోర్టులన్నీ దాని మీదే నడుస్తాయి. పదకొండో రోజు కానివ్వండి, చూద్దాం."

పెట్టేసి, నేనే చేశాను. ఆయనే ఎత్తారు. "నేనేనమ్మా. మిమ్మల్నందర్నీ తన లెక్కనే తయారు చేసి పోయాడు" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

నిజం చెప్పాలంటే ఆయన మాట వినాలనే ఉంది నాకు. ఆ రిపోర్టుల కోసమే సారు కంప్యూటర్ ముందురోజు నుంచి అట్లాగే తెరిచి ఉంది. ఫోన్‌లో చూస్తే, ఎవరు లాగిన్‌లో ఉన్నారో చూపే మా జాబితాలో ఆయన పేరు పక్కన పచ్చటి చుక్క వెలుగుతూనే ఉంది. దాన్ని పదకొండు రోజులు ఉంచుకోవచ్చు. పొద్దున్నే వచ్చి చూసుకోవచ్చు. కానీ సాయంత్రానికల్లా గోడల మీద ఆయన ఫొటోతో శ్రద్ధాంజలి పోస్టర్లు పడతాయి. దొంగలూ చదువుతారు. తెరిచి ఉంచిన ఆ పేరు వెనక చాచా లాంటివాళ్ల కష్టార్జితం అంతా ఉంది.

"సారు ఉంటే ఈ రోజే మూసేవారండీ" అన్నాను.

"మూసేయండి. రిపోర్టులు రేపు అందరం కూర్చుని చేసుకుందాం" అన్నారు.

ఆఫీసులో ఆయమ్మ ఒక్కతే ఉంది. "చావింటికి పోయొచ్చి తానం చేయకుంటనే వచ్చినవా మేడం?" అంది. నా చేతిలోని కార్డు చూసి, ఛాయ్ పెట్టడానికి కిందికి దిగిపోయింది. తెర మీద ఏదో బ్రాంచి అమ్మాయి ప్రింటర్ పనిచేయట్లేదని అడిగింది. ఏఐ జవాబిచ్చింది. "ముందు ఛాయ్ తాగు, అప్పుడు చూద్దాం." ఆయన మాట నేర్చుకున్నదానికి ఆయన పోయిన సంగతి ఎవరు చెబుతారు? నేను చెప్పలేకపోయాను.

ఆయమ్మ ఛాయ్ తెచ్చింది. రెండు కప్పులు, ఒక సాసర్, బిస్కెట్లు. "చేతికి గట్ల అలవాటయింది" అంటూ సాసర్‌ను ఆయన కుర్చీ ముందు పెట్టి, అందులో ఛాయ్ పోసింది. నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మీట నొక్కాను. పచ్చటి చుక్క పోయింది.

తర్వాత ఆయన పేరు కొట్టాను. తెర కాసేపు ఆలోచించింది.

ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు.

ఎప్పుడైనా అందరం నవ్వేది ఇక్కడే. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాసర్‌లో ఛాయ్ మీద సన్నగా మీగడ కట్టింది. తలుపు గట్టిగానే పడింది. ఒకసారి తోసి చూస్తే చాలు, అంతకు మించి అక్కర్లేదని ఆయనే చెప్పేవారు. నేను ఆయన పేరు మళ్లీ కొట్టాను.