గార్డుకి ఎదురొచ్చిన దారి

నేను గూడ్సు బండి గార్డుని. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట. పేరేదైతేనేం, కూర్చునేది ఆ తోకలోనే. ముప్పై చిల్లర ఏళ్ళు బొగ్గు బండ్ల చివర, బ్రేకు వ్యానులో ఊగుతూ బతికాను. ఆ వ్యానులోంచి ముందుకి చూస్తే ఆఖరి వేగను గోడ తప్ప ఇంకేమీ కనబడదు. అందుకని ఎప్పుడూ వెనక్కే చూసేవాణ్ణి. స్టేషన్లూ, చెట్లూ, గేట్ల దగ్గర సైకిళ్ళు దిగి నిలబడ్డ మనుషులూ, ఏదైనా సరే, నన్ను దాటిపోయాకే నా కంట పడేది. పడ్డ క్షణం నుంచీ చిన్నదైపోతూ ఉండేది. లోకమంటే అంతే కాబోలు అనుకున్నాను.

బస్సు ఎక్కలేదా, సైకిలు తొక్కలేదా అని అడుగుతారేమో. బస్సులో నా ముందు ఎప్పుడూ ఇంకొకడి నెత్తి ఉంటుంది. సైకిలు మీద నేను చూసినవి గుంటలు మాత్రమే. రిటైరయ్యాక మోటారుసైకిలు కొని దాన్ని ఇంటికి నడుపుకొచ్చిన రోజుదాకా, దారి మనిషికి ఎదురొస్తుందని నాకు తెలియదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

సరదాకి కొన్నది కాదు. ఉద్యోగం అయిపోయాక రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా. బిలాస్‌పూర్‌కి ఉత్తరాన, కర్గీ రోడ్ స్టేషను వైపు వెళ్ళే లైను దాటాక, పొలాల మధ్య చిన్న ఇల్లు కట్టుకున్నాం. సామానంతా చేరేశాం. కానీ నా భార్య పెట్టెలు విప్పలేదు. వండుకోవడానికి రెండు గిన్నెలు, కట్టుకోవడానికి నాలుగు చీరలు బయట ఉంచి, మిగతావన్నీ తాళ్ళతో బిగించినవి బిగించినట్టే గోడకి చేరేసింది. ఆవిడది శ్రీకాకుళం దగ్గర పల్లె. అక్కచెల్లెళ్ళందరూ ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

"ఇన్నేళ్ళూ డ్యూటీ డ్యూటీ అని మీరెళ్ళిపోతే క్వార్టర్లో ఒక్కర్తినీ పడున్నాను. పోనీ పక్కింటోలైనా ఉండీవోరు. ఈ పొలాల్లో ఎవులున్నారండీ? పాల పేకట్టు కావాలన్నా ఊర్లోకెళ్ళాల. మా ఊరెళ్ళిపోదాం" అంది.

"బండి కొంటాను. ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తాను" అన్నాను.

"ముసలోడికి దసరా పండగని! మీరు బండి నడిపీడమేటి?"

"ఎందుకు నడపను?"

కాసేపు నన్ను ఎగాదిగా చూసి తీర్పు చెప్పేసింది. "అచ్ఛా, కొనండి. షోరూం కాడినుంచి ఇంటికి నన్ను ఎనకాతల కూకోబెట్టుకుని తీసుకురండి. నాకు భయమెయ్యకపోతే ఇక్కడే ఉందాం. భయమేసిందా, ఆ పెట్టెలు అలాగే పట్టుకుని మా ఊరెళ్ళిపోదాం. మల్ల మీరు కిక్కురుమనకూడదు."

ఆవిడకేం, పుట్టింటి ఊరు. నా సంగతేమిటి? మా నాన్న లోకో షెడ్డులో పనికని ఆంధ్రదేశం వదిలి ఇక్కడికొచ్చాడు. నేను ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో పుట్టాను. అత్తారి ఊళ్ళో నోరు తెరిస్తే సగం హిందీ దొర్లుతుంది, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. రైలు బండ్ల చప్పుడు వినబడని చోట నాకు కునుకు పట్టదు. అరవయ్యేళ్ళ వయసులో కొత్తల్లుడిలా పరాయి ఊళ్ళో బతుకు మొదలెట్టాలా?

తోటి గార్డు ఒకాయన తన పాత బండి మీద రైల్వే గ్రౌండులో నాకు నేర్పాడు. లైసెన్సు కూడా వచ్చింది. కానీ గ్రౌండులో గానుగెద్దులా గుండ్రంగా తిరగడం వేరు, భార్యని వెనక కూర్చోబెట్టుకుని సదర్ బజార్లో పడడం వేరు. షోరూంలో నల్లటి బండి ట్యాంకు మీద కుంకంతో స్వస్తికం వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "లీజియే అంకల్‌జీ" అంటూ తాళం చేతిలో పెట్టారు. నిమ్మకాయలు చితికిన చప్పుడుకే నాకు చెమటలు మొదలయ్యాయి. వెనక ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని, పక్కకి కూర్చుని, నా భుజాన్ని పట్టుకుంది. పట్టుకోవడమంటే అలా ఇలా కాదు, గోళ్ళు దిగాయి.

సదర్ బజార్ ఎలా దాటానో నాకే తెలియదు. రిక్షాలూ, ఆవులూ, చీరల దుకాణం ముందు బేరాలాడుతూ సగం రోడ్డు ఆక్రమించిన ఆడవాళ్ళూ, అందరూ నా మీదికే వస్తున్నట్టున్నారు. హారను కొట్టి కొట్టి బొటనవేలు నొప్పెట్టింది. ఊరు పలచబడి, రోడ్డు వెడల్పై, రెండు వైపులా వరి పొలాలు మొదలయ్యాక గాని తల పైకెత్తలేదు.

ఎత్తి చూశాను కదా, అబ్బ! ఏం చెప్పను?

దారి నా దగ్గరికి వస్తోంది. దూరాన చుక్కలా ఉన్నదొకటి కొంచెం కొంచెంగా పెరిగి ఆవు అయింది. ఆవు కళ్ళు కనబడ్డాయి, మెడలో తాడు కనబడింది, నా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఇంకో చుక్క పెరిగి సైకిలు మీద పాలవాడైంది. మోదుగు చెట్టొకటి ముందు ఆకుపచ్చ మచ్చగా మొదలై, కొమ్మలు విప్పుకుని, నీడ పరిచి, నన్ను ఆ నీడలోంచి పోనిచ్చింది. ఒక్కటీ చిన్నదవడం లేదు. అన్నీ నాకోసం పెద్దవవుతున్నాయి. గాలి కూడా మొహానికే తగులుతోంది. వ్యానులో గాలి ఎప్పుడూ వీపు వైపు నుంచి బొగ్గు నుసి మోసుకొచ్చి మెడ మీద కొట్టేది. ఇక్కడ తడి మట్టి వాసన ముందు వచ్చింది, ఆ తరవాత ఆ మట్టి దున్నుతున్న ట్రాక్టరు వచ్చింది. ఏ వస్తువైనా వచ్చేముందు కబురు పంపుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక హ్యాండిలు సంగతి! కొంచెం వంచితే బండి వంగింది. పట్టాలు లేవు, దారి మార్చే పాయింట్లు లేవు, కేబిన్లో ఎవరూ లీవరు లాగలేదు. నేను అటు అనుకుంటే అటు వెళ్ళింది. రైల్లో డ్రైవరుకి కూడా ఆ భాగ్యం లేదు, పట్టా ఎటు తీసుకుపోతే అటే. నా సర్వీసులో నేనెక్కిన బండి ఎటు తిరగాలో ఎవరూ నన్ను అడిగిన పాపాన పోలేదు. ఊరికే, ఏ అవసరమూ లేకుండా, కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ వంచి చూశాను. వెనకనుంచి హెల్మెట్టు నా హెల్మెట్టుకి టక్కున కొట్టుకుంది. "తిన్నగా పోనివ్వండి బాబూ!" అని కేక వినబడింది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా అదే టక్కు, అదే గోళ్ళు.

లైను దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది. బండి ఆపాను. "కాళ్ళు తిమ్మిరెక్కీసేయి" అని ఆవిడ దిగి, గేటుమాన్ గది పక్కన వేప నీడలోకి వెళ్ళి నిలబడింది. అంతలో గూడ్సు వచ్చింది. బొగ్గు బండి, నా బండిలాంటిదే. ఎదురుగా నిలబడి చూస్తుంటే పాత అలవాటు ఊరుకుంటుందా? ఏదైనా వేలాడుతోందా, ఇరుసు ఏదైనా వేడెక్కి పొగ వస్తోందా అని ఒక్కొక్క వేగనునీ కళ్ళతో తడిమాను. లోకం మరిచిపోయాను. ఆఖర్న బ్రేకు వ్యాను వచ్చింది. తెల్ల బట్టల్లో గార్డు వరండాలో నిలబడి, అంతా సవ్యంగా ఉందని గేటుమాన్‌కి పచ్చజెండా ఊపాడు.

ఆ జెండా నేను ఎన్ని వేలసార్లు ఊపానో. నేను ఊపేవాణ్ణి, ఇంకెవరో బండి కదిలించేవారు. నాకు పచ్చజెండా చూపించిన మనిషి నా జన్మలో ఒక్కడూ లేడు. అది నాకోసమే అనిపించింది, ఏం చెయ్యను? నా చెయ్యి దానంతటదే లేచి జవాబిచ్చింది. గేటు లేచింది. వెనక లారీవాడు హారను కొట్టాడు. పచ్చ చూశాక ఆగడమంటూ ఉండదు కదా, స్టార్టు నొక్కి కదిలిపోయాను.

గేటు దాటాక నడపడం కుదిరింది. బండి తేలికైపోయింది. చెయ్యి తిరిగింది, యంత్రం నా మాట వింటోంది అనుకున్నాను. అంతసేపూ అద్దంలో ఆవిడ భుజం అడ్డొచ్చేది, ఇప్పుడు వెనక రోడ్డంతా అద్దంలా కనబడుతోంది. పాపం నాకోసం సర్దుకుని కూర్చుంది అనుకున్నాను. హెల్మెట్టులోంచి గట్టిగా కబుర్లు మొదలెట్టాను. "ఆదివారం రతన్‌పూర్ వెళ్దాం. అమ్మవారి దర్శనం చేసుకుందాం. వచ్చేటప్పుడు సదర్ బజార్లో నీకో చీర తీసుకుందాం. ఏమంటావు?" ఏమీ అనలేదు. మాటకి మాట అంటించకుండా ఉండలేని మనిషి నోరు మెదపలేదంటే, నాలాగే ఆవిడా ఆ దారికి మైమరచిపోయిందని మురిసిపోయాను. "చూశావా, భయం లేదు కదా!" అని కూడా అన్నాను. అంత వెర్రివాణ్ణి.

స్పీడు బ్రేకరు వచ్చింది. బండి ఎగిరింది. టక్కు లేదు. గోళ్ళూ లేవు.

చెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. సీటు ఎండకి కాలుతోంది.

మా ఉద్యోగంలో అన్నిటికన్నా భయపడేది బండి విడిపోవడానికి. మధ్యలో వేగన్లని కలిపే కప్లింగు తెగితే ఇంజను ముందు ముక్కతో పోతుంది, వెనక ముక్క లైను మీద మిగిలిపోతుంది. గార్డు ఎప్పుడూ ఆ మిగిలిపోయిన ముక్కలోనే ఉంటాడు. దాన్ని కాపాడుకోవడమే మా పని. వ్యానులో బ్రేకు గాలి చూపించే గేజి ముల్లు ఒక్క గీత పడితే కునుకులోంచి లేచేవాణ్ణి నేను. అలాంటివాణ్ణి, సొంత భార్యని గేటు దగ్గర వదిలేసి, ముందు ముక్కలో షికారు పోతున్నాను. ఇంకేముంది, తీర్పు తేలిపోయింది. శ్రీకాకుళం టిక్కెట్లు కళ్ళ ముందు ఆడాయి. అంతకన్నా, ఒక్కర్తినీ వదిలేశారని ఏ మాట పట్టుకుని ఆవిడ ఇన్నాళ్ళూ బాధపడిందో, సరిగ్గా అదే చేశాను. నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో ఇక్కడ రాయలేను.

ముందు లారీ, వెనక ట్రాక్టరు, ముందు నుయ్యి వెనక గొయ్యి. దిగి, కాళ్ళతో తోసుకుంటూ బండి తిప్పాను. మళ్ళీ అదే దారి ఎదురొచ్చింది గాని ఆవులూ చెట్లూ ఏవీ కంటికి ఆనలేదు. యాక్సిలరేటరు ఎంత తిప్పినా గేటు దగ్గరపడదే! చివరికి దూరంగా ఎర్ర చుక్క కనబడింది. పెరిగి ఆవిడ చీరైంది. గేటుమాన్ స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో హెల్మెట్టు పెట్టుకుని, టీ తాగుతోంది. కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

"అరే దాదా, సవారీ తో యహీఁ ఛూట్ గయీ!" అని, ఎక్కాల్సిన మనిషి ఇక్కడే మిగిలిపోయిందని గేటుమాన్ పడీ పడీ నవ్వాడు. నేను బండి దిగి ఆవిడ ముందు నిలబడ్డాను.

"ఓలమ్మో, ఏటి గార్డండీ మీరు! సగం బండి ఇక్కడొదిలీసి సగం బండి పట్టుకుపోయేరు" అంది.

"పచ్చజెండా చూపించాడు..." అని నసిగాను. నా మాట నాకే సిగ్గేసింది. అడక్కపోతే ఉండలేను. చివరికి అడిగేశాను. "భయమేసిందా?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. "ముందు కోపమొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టీసేను. తరవాత మీరొస్తుంటే చూసేను." ఒళ్ళో హెల్మెట్టు సర్దుకుంది. ఈసారి గొంతు మారింది. "క్వార్టర్లో మన పెరడు లైను పక్కనే కదేటి. మీ బండి ఎళ్తుంటే నాను పెరట్లో నిలబడీదాన్ని. మీరు ఎనకాతల వరండాలో నా కాసి తిరిగి చెయ్యి ఊపీవోరు. మీ మొఖం చిన్నదైపోతా, చిన్నదైపోతా ఎళ్ళిపోయీది. పెళ్ళయిన కాడినుంచీ అలాగే చూసేను. ఈ రోజు అదే మొఖం చిన్నగా కనబడి, పెద్దదవుతా, పెద్దదవుతా నా కాసి ఒచ్చిందండీ. ఇలాటిది నానెప్పుడూ చూడనేదు."

ఇందాకటి నుంచీ దారి నాకు చూపించిందంతా ఆవిడ ఆ స్టూలు మీద కూర్చునే చూసేసింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. గేటుమాన్ చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని ఎక్కి కూర్చుంది. అద్దంలో మళ్ళీ ఆవిడ భుజం అడ్డొచ్చి వెనక రోడ్డు కనబడకుండా పోయింది. స్టార్టు చేశాను గాని కదల్లేదు.

"ఏటి, కదల్రేటి?"

"నువ్వు చెప్తేనే కదులుతాను. ఇప్పుడు గార్డువి నువ్వు."

బండి కదలొచ్చని గార్డు చెప్పే మాట, నిద్రలో కూడా నేను కలవరించేది, ఆవిడకి తెలియనిది కాదు. నా భుజం మీద రెండుసార్లు తట్టింది.

"ఆల్ రైట్. ఇంటికి పోనివ్వండి, పొద్దోయేలోగా పెట్టెలు విప్పాల."